కారు నెత్తిన కిటికీ

కోస్తా జిల్లాల్లో పాతకాలపు మండువా ఇళ్ళను మీలో కొందరు చూసే ఉంటారు. ఆ ఇంటికి నడిమధ్య పైకప్పు ఉండదు. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం. ఆ ఖాళీలోంచి ఇంట్లోకి వెలుగు వస్తుంది. లోపలి వేడిగాలి పైకి పోతుంది. వాన కురిస్తే అది కూడా అందులోంచే లోపలికి వస్తుంది. అందుకే మన పెద్దలు మండువాను కాస్త పల్లంగా కట్టి, ఒక మూల తూము పెట్టి, నీరు నిలవకుండా బయటికి పంపేవారు. మండువా లేని పెంకుటిళ్ళలో వంటింటి మీద ఒకటి రెండు గాజు పెంకులు అమర్చేవారు. పట్టపగలు దీపం పెట్టుకోవలసిన బాధ తప్పేది.

ఈ పాత ఆలోచనే ఇప్పుడు కారెక్కింది. దాని పేరు సన్‌రూఫ్. కారు పైకప్పులో కొంత భాగం కోసి, ఆ చోట గాజు పలక అమర్చుతారు. మీట నొక్కితే చిన్న విద్యుత్ మోటారు ఆ పలకను వెనక అంచు దగ్గర కాస్త పైకి లేపుతుంది, లేదా మొత్తంగా వెనక్కి జరుపుతుంది. కొన్ని కార్లలో ముందు సీటు నుంచి వెనక సీటు దాకా కప్పంతా గాజే ఉంటుంది. దాన్ని పనోరమిక్ సన్‌రూఫ్ అంటున్నారు.

కారు కొనాలనుకునే ఇళ్ళలో ఇప్పుడొక చర్చ మామూలైపోయింది. "సన్‌రూఫ్ ఉన్నది కొందామా, లేనిది కొందామా?" పిల్లలందరూ ఉన్నదానికే ఓటు వేస్తారు. పెద్దలు ధర చూసి తటపటాయిస్తారు. మీ ఇంట్లో కారు ఉన్నా లేకపోయినా ఈ చర్చ మీకు పనికివస్తుంది. ఎందుకంటే ఆ గాజు పలక చుట్టూ మీ సైన్సు పుస్తకంలోని పాఠాలు చాలా ఉన్నాయి. ఉష్ణం, ధ్వని, పీడనం, గరిమనాభి, జడత్వం అన్నీ అక్కడ పనిచేస్తున్నాయి. మరో కారణం కూడా ఉంది. చుట్టాల కారులోనో, పెళ్ళివారి కారులోనో మీరు ఏదో ఒకరోజు సన్‌రూఫ్ కింద కూర్చుంటారు. ఆరోజు మీకు ఈ పాఠాలు గుర్తుండాలి.

పుట్టినచోటు వేరు

పైకప్పు తెరుచుకునే కార్లు యూరపులో, అమెరికాలో 1930ల నాటికే వచ్చాయి. అమెరికాలో నాష్ అనే కంపెనీ 1937లో తన కార్లకు సన్‌రూఫ్ అమర్చింది. జర్మనీలో మ్యూనిక్ నగరం పక్కన స్టాక్‌డార్ఫ్ అనే ఊళ్ళో ఉన్న వెబాస్టో కంపెనీ మడిచి వెనక్కి తీసే గుడ్డ కప్పులు తయారుచేసి పేరు తెచ్చుకుంది. గాజు పలకలు తరువాత వచ్చాయి.

వాళ్ళకు ఈ కోరిక ఎందుకు పుట్టిందో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఏ ఊళ్ళోనైనా జూన్ 21న మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి ఎంత ఎత్తులో ఉంటాడో తెలియాలంటే, 90 డిగ్రీల్లోంచి ఆ ఊరి అక్షాంశం తీసివేసి, 23.5 కలపాలి. (ఈ సూత్రం కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఊళ్ళకు వర్తిస్తుంది.) డిసెంబరు 21న అయితే 23.5 కలపడానికి బదులు తీసివేయాలి. మ్యూనిక్ సుమారు 48 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే నడి వేసవిలో కూడా అక్కడ సూర్యుడు 65.5 డిగ్రీలకు మించి పైకి రాడు. డిసెంబరులో 18.5 డిగ్రీల ఎత్తుకు వచ్చి, అటునుంచి అటే దిగిపోతాడు. అటువంటి చోట ఎండ అంటే పండుగ. ఎండ కాసినరోజు కప్పు తీసుకుని తిరగాలని ఎవరికి అనిపించదు?

ఇక హైదరాబాదు సంగతి చూడండి. దాని అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. కర్కటరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు, మే రెండో వారం మొదట్లోనూ ఆగస్టు మొదటి వారంలోనూ, సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ సమయంలో నిటారుగా పాతిన కర్రకు నీడే కనబడదు. డిసెంబరులో కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. విజయవాడకూ, తిరుపతికీ, ఆదిలాబాదుకూ తేదీలు కాస్త మారుతాయి గాని కథ ఇదే.

ఎండ ఏటవాలుగా పడితే పక్క కిటికీల మీద ఎక్కువగా పడుతుంది. నిట్టనిలువుగా పడితే దాదాపు అంతా కప్పు మీదే పడుతుంది. కాబట్టి సన్‌రూఫ్ అదే అయినా, పుట్టిన దేశంలో దాని పని ఒకటి, మన దేశంలో దాని పని మరొకటి. మంచి చెడ్డలు తేల్చేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

టికెట్టు లేని ప్రయాణికులు

మబ్బులేని రోజు మిట్టమధ్యాహ్నం, సూర్యకిరణాలకు ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు స్థలం మీద సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. ఒక పెద్ద సన్‌రూఫ్ వైశాల్యం 0.8 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద 800 వాట్లు పడతాయి. గాజుకు రంగు వేసి ఉంటుంది కాబట్టి అంతా లోపలికి రాదు. మూడోవంతే వస్తుందనుకుంటే సుమారు 270 వాట్లు.

ఇది ఎక్కువా, తక్కువా? ఊరికే కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని బయటికి వదులుతూ ఉంటుంది. అంటే ఆ గాజులోంచి వచ్చే ఎండ, కారులో అదనంగా ఇద్దరు ముగ్గురు మనుషులు ఎక్కి కూర్చున్నదానితో సమానం. టికెట్టు లేని ఆ ప్రయాణికుల వేడిని కూడా ఏసీయే బయటికి తోడాలి. అందుకు ఇంధనం ఖర్చవుతుంది.

ఇనుప కప్పు మాత్రం వేడెక్కదా? ఎక్కుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. కాని దాని కింద గుడ్డ, నురుగు వంటి ఉష్ణ బంధకాల పొర ఉంటుంది. అది వేడిని చాలావరకు ఆపుతుంది. గాజు అలా కాదు. కంటికి కనిపించే వెలుగునూ, సూర్యుడి పరారుణ కిరణాల్లో చాలా భాగాన్నీ లోపలికి రానిస్తుంది. అవి సీట్లకూ, నేలకూ తగిలి వాటిని వేడెక్కిస్తాయి. వేడెక్కిన సీట్లు కూడా పరారుణ కిరణాలనే వెదజల్లుతాయి గాని, వాటి తరంగదైర్ఘ్యం చాలా ఎక్కువ. వాటిని గాజు బయటికి పోనివ్వదు. పైగా తలుపులన్నీ మూసి ఉండటంతో వేడిగాలి కూడా బయటికి పోలేదు.

ఈ ఇబ్బందికి తయారీదారులు రెండు ఉపాయాలు చేశారు. గాజు కింద జరిగే తెర ఒకటి. పరారుణ కిరణాలను వెనక్కి తిప్పి పంపే సన్నని పూత మరొకటి. కొన్ని కార్లలో ఆ తెర పలచని గుడ్డే. అది వెలుగును ఆపినంతగా వేడిని ఆపలేదు. కారు చూడడానికి వెళ్ళినప్పుడు ఆ తెరను చేత్తో పట్టుకుని చూడమని మీ నాన్నగారికి చెప్పండి.

చేసి చూడండి: ఒకే కొలత గల రెండు చెప్పుల అట్టపెట్టెలు తీసుకోండి. ఒకదానికి మూత అలాగే ఉంచండి. రెండోదాని మూతలో పెద్ద కిటికీ కోసి, పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం అతికించండి. రెండింటిలోనూ ఒక్కొక్క థర్మామీటరు ఉంచండి. ఎండ నేరుగా థర్మామీటరు బుడ్డి మీద పడకుండా చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టండి. అరగంట ఎండలో ఉంచి ఉష్ణోగ్రతలు రాసుకోండి. ప్రయోగశాల థర్మామీటర్లే వాడాలి సుమా! జ్వరం చూసేవి ఈ వేడికి పాడైపోతాయి.

వేడిగాలికి దారి

ఇంతవరకు నష్టం చెప్పాను. ఇప్పుడు లాభం. అదే కప్పు తెరిస్తే ఏమవుతుంది? వేడిగాలి తేలికగా ఉంటుంది కాబట్టి పైకి చేరుతుందని మీకు తెలుసు. ఎండలో నిలిపిన కారులో బాగా వేడెక్కిన గాలి కప్పు కిందనే ఉంటుంది. పక్క కిటికీలు తెరిస్తే అది నెమ్మదిగా పోతుంది. సన్‌రూఫూ, ఒక కిటికీ కలిపి తెరిస్తే పైనుంచి వేడిగాలి పోయి, పక్కనుంచి బయటి గాలి వస్తుంది. మండువాలో జరిగేది ఇదే. దీన్నే ఉష్ణ సంవహనం అంటారు.

కారు కదులుతుంటే మరో సాయం దొరుకుతుంది. కప్పు మీదుగా పోయే గాలి అక్కడ వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందని బెర్నౌలీ సూత్రం చెబుతుంది. సన్‌రూఫ్ వెనక అంచును కాస్త లేపితే చాలు, లోపలి గాలి ఆ సందులోంచి బయటికి లాగబడుతుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఒకటి రెండు నిమిషాలు ఇలా చేసి, తరువాత అన్నీ మూసి ఏసీ వేస్తే దాని పని తేలికవుతుంది. చలికాలపు ఉదయాల్లో, సాయంకాలాల్లో ఏసీ లేకుండానే హాయిగా వెళ్ళవచ్చు.

కాని ఇక్కడొక జాగ్రత్త. "సన్‌రూఫ్ కాస్త తెరిచే ఉంచాం కదా, పాపను కారులో పడుకోబెట్టి ఐదు నిమిషాల్లో వచ్చేద్దాం" అని ఎవరైనా అంటే అడ్డుపడండి. నిలిపిన కార్లలో వేడి ఎలా పెరుగుతుందో అమెరికాలో కొలిచి 2005లో ప్రచురించారు. గంటసేపట్లో లోపలి ఉష్ణోగ్రత బయటికంటే సగటున 22 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో నూటికి 80 వంతులు మొదటి అరగంటలోనే జరిగిపోయింది. కిటికీలు కొద్దిగా తెరిచి ఉంచినా పెద్ద తేడా రాలేదు. కొలిచినవి మన నడి వేసవి అంత వేడిలేని రోజులు. మన రెంటచింతల, రామగుండం ఎండలకు ఏమవుతుందో మీరే ఊహించండి. కారు కదలనప్పుడు సందులోంచి గాలిని లాగే శక్తి చాలా తక్కువ. లోపలికి వచ్చే ఎండ మాత్రం తగ్గదు.

గుబగుబలాడే చెవులు

కారు ఒక వేగం అందుకున్నాక సన్‌రూఫ్ పూర్తిగా తెరిస్తే ఒక్కోసారి లోపల గుబగుబమని మోత పుడుతుంది. చెవుల్లో ఎవరో వేలు పెట్టి తీస్తున్నట్టు ఉంటుంది. ఇది కారు చెడిపోవడం వల్ల కాదు.

ఖాళీ సీసా మూతి మీదుగా ఊదితే ఊమ్మని ధ్వని వస్తుంది కదా! సీసా లోపలి గాలి స్ప్రింగులాగా పనిచేస్తుంది. మూతి దగ్గరి గాలి ఆ స్ప్రింగు మీద బరువులాగా కిందికీ పైకీ ఊగుతుంది. దీన్ని లెక్కకట్టి చూపినవాడు హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త (1821-1894). సీసా చిన్నదైతే స్వరం హెచ్చుగా, పెద్దదైతే మందంగా ఉంటుంది. కారు కూడా ఒక సీసానే. లోపల సుమారు మూడు ఘనమీటర్ల గాలి ఉంటుంది. సన్‌రూఫ్ దాని మూతి. ఇంత పెద్ద సీసా పలికే స్వరం సెకనుకు సుమారు 20 కంపనాలు. మన చెవికి వినిపించే కనిష్ఠ పౌనఃపున్యం కూడా దాదాపు అంతే. అందుకే అది పాటలా వినిపించదు, చెవిమీద గుద్దుతున్నట్టు తెలుస్తుంది. తెరిచిన చోట ముందు అంచు దగ్గర గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల పౌనఃపున్యమూ, లోపలి గాలి సహజ పౌనఃపున్యమూ కలిసినప్పుడు అనునాదం ఏర్పడి మోత పెరుగుతుంది.

విరుగుడు సులభం. వెనక కిటికీ ఒకటి కొద్దిగా దింపండి. సీసాకు మరో రంధ్రం పడింది కాబట్టి అనునాదం చెదిరిపోతుంది. ప్లాస్టిక్ సీసా అడుగున రంధ్రం చేసి ఊది చూస్తే ఈ తేడా మీకే తెలుస్తుంది. సన్‌రూఫ్ తెరవగానే ముందు అంచున ఒక చిన్న అడ్డపట్టీ పైకి లేస్తుంది, గమనించారా? అది కూడా ఆ సుడులను చెదరగొట్టడానికే.

వాన వస్తే

సన్‌రూఫ్ చుట్టూ రబ్బరు అంచు ఉంటుంది. అది నీటిని పూర్తిగా ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కొంత నీరు దిగుతుందని ముందే అనుకుని సన్‌రూఫ్‌ను తయారుచేస్తారు. గాజు పలక కింద చుట్టూ ఒక చిన్న కాలువ ఉంటుంది. దాని మూలల నుంచి సన్నని గొట్టాలు కారు స్తంభాల లోపలి నుంచి కిందికి దిగి నీటిని నేలమీదికి వదులుతాయి. మండువాకు తూము ఉన్నట్టే ఇది.

తూముకు చెత్త అడ్డుపడితే మండువా చెరువవుతుంది. ఇక్కడా అంతే. వేపచెట్టు కింద కారు నిలిపితే పూత, ఆకులు, దుమ్ము ఆ కాలువలో చేరతాయి. గొట్టాలు పూడుకుంటాయి. నీరు పొర్లి లోపలికి కారుతుంది. సీట్లు తడుస్తాయి, విద్యుత్ తీగలు పాడవుతాయి. ఏటా తొలకరికి ముందు అంచులను మెత్తని గుడ్డతో తుడిచి, కాలువలో గ్లాసెడు నీళ్ళు నెమ్మదిగా పోసి, కారు కింద నీళ్ళు వస్తున్నాయో లేదో చూసుకుంటే సరిపోతుంది. ఎండకు రబ్బరు గట్టిపడి పగులుతుంది కాబట్టి దాన్నీ గమనిస్తూ ఉండాలి. సన్‌రూఫ్ ఉన్న కారుకు ఈ పని అదనం.

పగిలే గాజు, పట్టుకునే గాజు

నెత్తిమీద గాజు ఉందంటే భయం వేయడం సహజం. కార్లలో వాడేవి రెండు రకాల గాజులు. ఒకటి గట్టిపరచిన గాజు. దాన్ని 600 డిగ్రీలకు పైగా వేడిచేసి, మీద గాలి ఊది చప్పున చల్లారుస్తారు. పైపొరలు ముందు బిగుసుకుంటాయి, లోపలి పొర తరువాత చల్లబడి వాటిని లోపలికి లాగుతూ ఉంటుంది. దీనివల్ల మామూలు గాజుకంటే దానికి ఎక్కువ బలం వస్తుంది. పగిలితే మాత్రం మొత్తంగా చిన్న చిన్న ముక్కలవుతుంది. రెండోది పొరల గాజు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి. ఫ్రాన్సుకు చెందిన ఎడ్వార్ బెనెడిక్టస్ 1903లో, పగిలినా విడిపోని ఒక గాజు కుప్పెను చూసి ఈ ఆలోచన పట్టుకున్నాడు. కార్ల ముందు అద్దం ఇలాంటిదే.

సన్‌రూఫులకు రెండు రకాలూ వాడుతున్నారు. గట్టిపరచిన గాజు ఎప్పుడో అరుదుగా దెబ్బేమీ తగలకుండానే పగలవచ్చు. గాజులో చిక్కుకున్న సూక్ష్మమైన నికెల్ సల్ఫైడ్ రేణువులు దానికి ఒక కారణం. ఇలాంటి ఫిర్యాదుల మీద అమెరికా రోడ్డు భద్రతా సంస్థ 2013లో దర్యాప్తు మొదలుపెట్టింది. పొరల గాజుకు ఇంకో మేలు ఉంది. మామూలు గాజులోంచి అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగం లోపలికి వస్తుంది. పొరల గాజులోని ప్లాస్టిక్ వాటిని దాదాపు పూర్తిగా ఆపుతుంది. కొనేవారు "ఇది ఏ గాజు?" అని తప్పక అడగాలి.

కప్పు మీద బరువు

గాజు సాంద్రత ఇనుముకంటే తక్కువే గాని మందం ఎక్కువ. దానికి తోడు చట్రం, పట్టాలు, మోటారు ఉంటాయి. అన్నీ కలిపి కారు కప్పుకు 25 కిలోల బరువు పెరిగిందనుకుందాం. కారు బరువు 1200 కిలోలు, దాని గరిమనాభి నేల నుంచి 55 సెంటీమీటర్ల ఎత్తున, కప్పు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. గరిమనాభి ఎంత పైకి జరుగుతుంది? 25ను 95తో హెచ్చించి 1225తో భాగించండి. సుమారు 2 సెంటీమీటర్లు. ఇది పెద్ద ప్రమాదం కాదు, ఇంజనీర్లు దీన్ని లెక్కలోకి తీసుకునే కారు తయారుచేస్తారు. పొడుగువారికి తల పైన జాగా కొంచెం తగ్గడం దీనికంటే ఎక్కువ ఇబ్బంది.

ఇప్పుడు మరో లెక్క. 35 కిలోల బరువుగల పిల్లలిద్దరు సీటు మీదకెక్కి సన్‌రూఫ్‌లోంచి బయటికి నిలబడ్డారు. కూర్చున్నప్పటికంటే వాళ్ళ శరీరాల గరిమనాభి 70 సెంటీమీటర్లు పైకి జరిగిందనుకోండి. కారూ మనుషులూ కలిపి 1300 కిలోలైతే, మొత్తం గరిమనాభి దాదాపు 4 సెంటీమీటర్లు పైకి పోతుంది. కంపెనీ అమర్చిన సన్‌రూఫ్ మొత్తం చేసిన మార్పుకు ఇది రెండింతలు! అయితే అసలు ప్రమాదం ఇదికాదు.

తల బయట పెడితే

ఆర్టీసీ బస్సులో నిలబడి ప్రయాణించినవారికి జడత్వం గురించి పాఠం అక్కరలేదు. డ్రైవరు బ్రేకు వేయగానే బస్సు ఆగుతుంది, మనం ముందుకు తూలుతాం. సన్‌రూఫ్‌లోంచి నిలబడినవారికీ ఇదే జరుగుతుంది. కాని అక్కడ పట్టుకోవడానికి కడ్డీ లేదు. పొట్టకు ఎదురుగా కప్పు అంచు ఉంది.

కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ఊళ్ళో అది పెద్ద వేగమేమీ కాదు. అంటే సెకనుకు 11.1 మీటర్లు. కుక్క అడ్డం వచ్చింది, డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గింది. 35 కిలోల పిల్లవాణ్ణి కారుతోపాటు ఆపడానికి కావలసిన బలం 35ను 7తో హెచ్చిస్తే వస్తుంది, అంటే 245 న్యూటన్లు. 25 కిలోల బియ్యం బస్తా బరువంత బలం ఒక్కసారిగా కప్పు అంచు నుంచి అతని పొట్ట మీద పడుతుంది. పైసగం ముందుకు వాలిపోతుంది.

ఇది బ్రేకు మాత్రమే. కారు దేన్నయినా గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోతే ఆ బలం సుమారు 4300 న్యూటన్లు. పదిహేడు బియ్యం బస్తాల బరువు! సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నవారికి ఆ బలం ఛాతీ, తుంటి ఎముకల మీద పంచబడుతుంది. నిలబడినవాడు కారులోంచి బయటికి విసిరివేయబడతాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే, 6.3 మీటర్ల ఎత్తునుంచి నేలమీద పడినప్పటి వేగం. రెండంతస్తుల మేడ మీంచి ఎవరైనా దూకుతారా?

బ్రేకు వేయకపోయినా, గుద్దుకోకపోయినా ప్రమాదం తప్పదు. రోడ్డుమీద అడ్డంగా వేలాడే కేబుళ్ళు, చెట్ల కొమ్మలు, ఎత్తయిన లారీలు రాకుండా కట్టిన ఇనుప కమ్మీలు, పండగ తోరణాలు అన్నీ కారుకు పైన ఉంటాయి, మనిషి తలకు కాదు. ఆ కమ్మీ మీకు పది మీటర్ల దూరంలో కనిపించిందనుకోండి. తల వంచడానికి మీకున్నది ఒక్క సెకను కూడా కాదు. అప్పటికి మీరు పక్కకు తిరిగి స్నేహితుడికి చెయ్యి ఊపుతూ ఉంటే ఆ సెకనూ లేదు. 2025 సెప్టెంబరులో బెంగళూరులో సన్‌రూఫ్‌లోంచి తల బయటపెట్టి నిలబడ్డ ఒక చిన్న పిల్లవాడి తల ఇలాంటి ఇనుప కమ్మీకే తగిలింది. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజా అసలు కంటికే కనిపించదు. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది. అయినా ఆ దారాలకు మెడలు తెగుతున్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. సన్‌రూఫ్‌లో నిలబడినవారికి బెల్టు ఉండే వీలే లేదు.

మరి కొనాలా, వద్దా?

ఇప్పుడు తక్కెడలో రెండు వైపులా పెట్టి చూడండి. వెలుగు, ఆకాశం, వేడిగాలికి త్వరగా దారి, చలికాలపు సాయంత్రాల హాయి ఒక పక్క. తలుపులు తెరుచుకోని ప్రమాదంలో, గాజు తెరవగలిగితే, బయటపడడానికి అదొక అదనపు దారి కూడా. ఎక్కువ ధర, వేసవి ఎండ, కాలువలు శుభ్రంచేసే పని, కాస్త బరువు, కాస్త చప్పుడు రెండో పక్క. ఈ రెంటిలో ఏది ఎక్కువో మీరుండే ఊరునుబట్టి, ప్రయాణించే వేళనుబట్టి మారుతుంది. అరకు కొండల్లో తిరిగేవారికి ఒక జవాబు, నడి వేసవిలో మధ్యాహ్నం పూట రామగుండంలో తిరిగేవారికి మరో జవాబు. కాబట్టి పక్కింటివారు కొన్నారని కొనవద్దు, కొన్నవారిని ఎగతాళీ చేయవద్దు. లెక్కవేసి నిర్ణయించుకోండి.

తక్కెడ అక్కరలేని విషయం ఒక్కటే ఉంది. కదులుతున్న కారు సన్‌రూఫ్‌లోంచి నిలబడడం. దానికి రెండో పక్క ఏమీ లేదు. సన్‌రూఫ్ మనం చూడడానికి ఉంది, మనం బయటికి రావడానికి కాదు. ఈసారి మీ తమ్ముడో, చెల్లెలో సీటెక్కబోతే చెయ్యిపట్టి కూర్చోబెట్టండి, బెల్టు పెట్టండి. "ఎందుకు?" అని అడిగితే కోప్పడకండి. బియ్యం బస్తా లెక్క చెప్పండి.